పదిహేడో నెంబరు కప్పు

నేను ఒక పింగాణీ కప్పుని. నాకొక మూత కూడా ఉంది. నా జీవితంలో ముఖ్యమైనవన్నీ ఆ మూత అడుగునే జరిగాయి కాబట్టి దాని సంగతి ముందే చెప్పడం న్యాయం.

చైనా ఆగ్నేయ తీరంలో ఉన్న ఫుజియాన్ రాష్ట్రం మాది. కొండలు ఎక్కువ, చదునైన నేల తక్కువ. ఆ కొండల మధ్య దెహువా అనే ఊళ్ళో మీగడలాంటి తెల్లమట్టి దొరుకుతుంది. దానితో దేవతల బొమ్మలూ చేస్తారు, నాలాంటి కప్పులూ చేస్తారు. బట్టీలో నన్ను పేర్చినప్పుడు నా పై అరలో కరుణాదేవి గ్వాన్‌యిన్ విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకటే మట్టి, ఒకటే మంట. బయటికొచ్చాక ఆవిడ ముందు అగరొత్తులు వెలిగించారు, నాలో సలసల కాగే నీళ్ళు పోశారు. ఆవిడ దగ్గరికి మనుషులు కోరికలతో వెళతారు, నా దగ్గరికి ముక్కుతో వస్తారు. ఎవరి పని వాళ్ళది.

అవును, ముక్కుతోనే. నేను తాగే కప్పుని కాదు, పరీక్షించే కప్పుని. నాలో అయిదు గ్రాముల ఆకు వేసి, మరిగే నీళ్ళు అంచుదాకా పోసి మూత పెడతారు. రెండు నిమిషాలాగి మూత ఎత్తి, దాని అడుగుని ముక్కు దగ్గర పెట్టుకుంటారు. ఆకులో ఉన్న మంచీ చెడూ ఆవిరితోపాటు ఎక్కి అక్కడ అతుక్కుని ఉంటాయి. ఏ కొండ ఆకు, ఏ కాలంలో కోశారు, కోసినరోజు వాన పడిందా, వేయించేటప్పుడు తొందరపడ్డారా, అన్నీ అక్కడే తెలుస్తాయి. తెలిసే ముక్కు ఉండాలి, అంతే.

మీ ఇళ్ళల్లో టీ అంటే పాలు, పంచదార, చితక్కొట్టిన అల్లం, పొయ్యి మీద ఒక పొంగు. మావాళ్ళు చూస్తే వంట చేస్తున్నారనుకుంటారు. మా దగ్గర ఆకు, వేడినీళ్ళు, ఓపిక. ఈ మూడింటితోనే ఒక్కో లోయవాళ్ళు ఒక్కో రుచి సాధించి, పక్క లోయవాళ్ళకి టీ చెయ్యడం రాదని తృప్తిగా బతుకుతారు.

నన్ను మొదట చేతిలోకి తీసుకున్నది గావ్ మాస్టారు. అన్‌షీ అనే ఊళ్ళో టీ కొనుగోలు కేంద్రంలో ఆయన రుచిచూసే నిపుణుడు. పరీక్ష ఉన్నరోజు వెల్లుల్లి తినడు, చేపల బజారు వీధిలోంచి నడవడు, ఆఖరికి మనవరాలిని కూడా ఎత్తుకోడు, పిల్ల తలకి రాసిన నూనె వాసన చేతులకి అంటుతుందని. ఆ కేంద్రంలో నలభైమంది ఆడవాళ్ళు వెదురు చేటల ముందు కూర్చుని ఆకులోంచి కాడలు ఏరేవాళ్ళు. వాళ్ళలో పందొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె, పేరు వెయ్ మింగ్‌చూ. ఒకరోజు మాస్టారు పక్కనుంచి వెళుతుంటే తలెత్తకుండానే అంది: "మాస్టారూ, ఆ కిటికీ దగ్గర మూడో బుట్టకి తేమ తగిలింది."

ఆయన వెళ్ళి చూశాడు. పైన ఆకు కరకరలాడుతూ ఉంది. మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగుది తీసి నలిపాడు. మెత్తబడింది. ఆమె కూర్చున్న చోటికీ ఆ బుట్టకీ మధ్య పన్నెండు అడుగుల దూరం.

మర్నాటినుంచి ఆమె చేట వదిలి ఆయన బల్ల పక్కన నిలబడింది. పదకొండేళ్ళు నిలబడింది. ఆయన పని మానేసిన రోజున నన్ను తువ్వాలులో చుట్టి ఆమె చేతికిచ్చి ఒకటే మాట చెప్పాడు: "దీన్ని సబ్బుతో కడక్కు."

మింగ్‌చూతో నేను తిరిగినంత దేశం దేవతల విగ్రహాలు కూడా తిరిగి ఉండవు. ఆమె ఎక్కడికి వెళ్ళినా సంచిలో నేనుండాల్సిందే. ఉత్తరాన ఫుదింగ్ వెళ్ళాం. అక్కడివాళ్ళు ఆకుని వేయించరు, నలపరు, ఊరికే చాపల మీద ఎండకీ గాలికీ వదిలేస్తారు. వెండి నూగున్న మొగ్గలు. ఏమీ చెయ్యకుండా ఊరుకోవడానికి ఇంత నేర్పు కావాలని నాకు అక్కడే తెలిసింది. ఆ టీని ఏళ్ళతరబడి దాచి, పిల్లలకి జ్వరమొస్తే కాచి పట్టిస్తారు. ఫుజౌలో మల్లెల కాలానికి వెళ్ళాం. మీ ఆడవాళ్ళు జడలో పెట్టుకునే పూలే, కానీ అక్కడ అవి ఆకులో కలిసి పడుకుంటాయి. మధ్యాహ్నం కోసిన మొగ్గలు సాయంత్రానికి విచ్చుతాయి. విచ్చినప్పటి పరిమళమంతా ఆకు తాగేస్తుంది. వాడిన పూలు తీసేసి కొత్తవి కలుపుతారు. ఇలా అయిదుసార్లు, ఆరుసార్లు. చివరికి పువ్వొక్కటీ మిగలదు, వాసన మాత్రం ఉంటుంది. మింగ్‌చూ ఆ మూత ఎత్తి వాసన చూసి, "ఆరుసార్లని చెప్పారు, నాలుగేసార్లు కలిపారు" అంటే ఆ వ్యాపారి నవ్వేసి ఒప్పుకున్నాడు.

వూయీ కొండల్లో రాతి పగుళ్ళలో పెరిగే చెట్లు చూశాం. పిడికెడు మట్టి, మీద బండ, బండ మీంచి కారే నీళ్ళు. ఆ టీ తాగితే రాయి రుచి వస్తుందంటారు. రాయిని తిన్నవాళ్ళెవరూ లేకపోయినా అందరూ ఆ మాట నమ్ముతారు, ఎందుకంటే నిజంగానే అలా ఉంటుంది. ఇంకా పైన తోంగ్ము అనే పల్లెలో పైన్ కట్టెల పొగమీద ఆకుని ఆరబెడతారు. మీరు పాలుపోసి మరిగించే ఎర్రటీకి మాదే పుట్టిల్లని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నాలుగురోజులపాటు నా ఒళ్ళంతా పొగచూరిన వంటిల్లులా ఉంది.

తిరిగి అన్‌షీ చేరితే ప్రాణం కుదుటపడేది. అక్కడి టీ పేరు త్యెగ్వాన్‌యిన్. ఇనుప గ్వాన్‌యిన్ అని అర్థం. నా పై అరలో నిలబడిన దేవత పేరే. పచ్చ టీకీ ఎర్రటీకీ మధ్య సగం దారిలో ఆపేసిన ఆకు అది. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య. అన్‌షీలో ఎవరింటికి వెళ్ళినా "రండి, టీ తాగండి" అనే పిలుస్తారు. పెళ్ళి మాటలైనా, గట్టు తగాదా అయినా ముందు కెటిల్ పొయ్యి మీదకెక్కాలి. రేగిపండంత కప్పులు, గుక్కెడు టీ. పోసినవాళ్ళకి కృతజ్ఞతగా రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాలి. తగువుకి వచ్చినవాళ్ళు కూడా తట్టాకే తిట్టుకుంటారు.

మింగ్‌చూకి యాభై ఆరేళ్ళ వయసులో, ఒక వసంతకాలంలో పదిరోజులు జ్వరం కాసింది. తగ్గాక ఒక ఉదయం ఆమె పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను అల్మారాలోంచి చూస్తున్నాను. పొయ్యి మీద గంజి. ఆమె భర్త దషెంగ్ బస్సు డ్రైవరు. వాకిట్లో మొహం కడుక్కుంటున్నవాడు తడిచేతులతోనే లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"మాడిపోతోంది! ఇక్కడే కూర్చుని ఏం చేస్తున్నావు?"

గిన్నె అడుగు నల్లగా అయింది. వంటిల్లంతా పొగ. మింగ్‌చూ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. లేచి అల్మారా తెరిచింది. టీ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత వెనిగర్ సీసా. తర్వాత దషెంగ్ ఒళ్ళు తుడుచుకునే తువ్వాలు. చివరికి నా మూత.

"ఏమీ లేదు" అంది. "దేనికీ ఏమీ లేదు."

పట్నంలో డాక్టరు, వాసన తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె భర్తని ఒకటే అడిగింది: "ఎవరికీ చెప్పకు."

"ఎన్నాళ్ళు దాస్తావు?"

"వచ్చేదాకా."

రాలేదు. శరత్కాలం వచ్చింది, దానితోపాటు టీ పోటీ. ఏటా శరత్కాలపు ఆకుతో మా దగ్గర పోటీ పెడతారు. చుట్టుపక్కల కొండల రైతులంతా తలో డబ్బా తెస్తారు. పేర్లు తీసేసి నెంబర్లు వేస్తారు. అయిదుగురు న్యాయనిర్ణేతలు. వాళ్ళలో మింగ్‌చూ మాటకి ఎక్కువ విలువ. పోటీ కప్పులన్నీ ఒకే కొలతవి. నేనూ అదే కొలత కాబట్టి ఆఖరి ఇరవై రకాల్లో ఒకదానికి నన్ను పెట్టించడం ఆమెకి అలవాటు. ఆ ఏడు నాకు పదిహేడో నెంబరు దక్కింది.

చెంగ్ అనే పెద్దాయన పోటీ సంఘానికి అధ్యక్షుడు. ఆయనే మొదట మూత ఎత్తాడు. మొహంలో మార్పు లేదు. రెండోవాడు పెదవి విరిచాడు. ఆ రోజుల్లో అందరికీ పచ్చగా, పూలవాసన గుప్పుమనే టీ మీద మోజు. పదిహేడోది పాతపద్ధతిలో బొగ్గుల సెగమీద నిదానంగా కాల్చిన ఆకు. మూతకి అంటిన వాసన నెమ్మదైనది, పిలిస్తేగాని పలకనిది.

మింగ్‌చూ నా మూత ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నట్టు నటించి, రెప్పల సందులోంచి మిగతా నలుగురి మొహాలు చూసింది. ఆ చూపు నాకు తెలిసిపోయింది. తర్వాత చెంచాతో టీ నోట్లోకి పీల్చింది. ఈసారి నటించలేదు. చాలాసేపు మింగలేదు. మింగాక కాగితం మీద పెన్ను పెట్టి ఆగిపోయింది. ముక్కు లేనందుకు నాలుకా గొంతూ ఏడు నెలలుగా ఒంటరిగా పనిచేస్తున్నాయి. అవి ఏదో పట్టుకున్నాయి. చెంగ్ ఆమె వంక చూశాడు. ఆమె గబగబా అంకె వేసేసింది. మిగతావాళ్ళు వేసినంతే.

పదిహేడో నెంబరు ఆఖరి స్థానంలో నిలిచింది.

మూడువారాల తర్వాత దషెంగ్ భోంచేస్తూ మామూలుగా అన్నాడు: "పైలోయలో కే ఆఫెంగ్ ఉంది చూడు, భర్త పోయినావిడ. పంపరపనస మొక్కలకి చెప్పొచ్చిందట. టీ చెట్లు పీకించేస్తుందట."

"ఎందుకు?"

"పోటీలో ఆఖరున నిలబెట్టారుగా. బొగ్గు టీ చేసే ఇల్లు ఆ లోయలో అదొక్కటే. 'నా నాలుక మీద నాకే నమ్మకం పోయింది, ఇక చాలు' అంది. బస్సులో అందరిముందూ అంది." అతను భార్య వైపు చూశాడు. "ఆవిడది ఎన్నో నెంబరు?"

మింగ్‌చూ గిన్నె పక్కకి జరిపి లేచింది. మర్నాడు ఉదయం నన్ను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని, దషెంగ్ బస్సులోనే పైలోయకి వెళ్ళింది. దారిపొడుగునా అతను అద్దంలో ఆమెని చూస్తూ నడిపాడు. దిగేటప్పుడు మాత్రం, "సాయంత్రం నాలుగింటికి ఇక్కడే ఆపుతాను. తిట్టినా కొట్టినా నాలుగింటికి వచ్చెయ్" అన్నాడు.

ఆఫెంగ్ పొట్టి మనిషి. బొగ్గుసెగకి ముంజేతులు రెండూ గోధుమరంగుకి తిరిగాయి. న్యాయనిర్ణేత తన గుమ్మంలో నిలబడేసరికి కంగారుపడి కుర్చీ తుడిచింది, పొయ్యి రాజేసింది. "రండి వెయ్ టీచరుగారూ, టీ తాగండి" అంది. ఓడించినవాళ్ళకైనా టీ పొయ్యకుండా ఎలా? చిన్నకప్పులో పోసింది. మింగ్‌చూ రెండు వేళ్ళతో బల్లమీద తట్టింది గానీ కప్పు ఎత్తలేదు.

"నాకు వాసన తెలియదమ్మా" అంది. "వసంతం నుంచీ. ఆ రోజు మీ టీ మూత ఎత్తాను కానీ నాకేమీ తెలియలేదు. పక్కవాళ్ళ మొహాలు చూసి మార్కులు వేశాను."

ఆఫెంగ్ కెటిల్ కింద పెట్టింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి ఒక జాడీ తెచ్చింది. ఉప్పుచేపలు ఊరేసిన జాడీ. మూత తీసి సరాసరి మింగ్‌చూ ముక్కుకింద పెట్టింది. నేను పింగాణీనే అయినా వణికాను. వాకిట్లో పడుకున్న పిల్లి లేచి వచ్చింది. మింగ్‌చూ మాత్రం అలాగే, పూలు చూస్తున్నదానిలా కూర్చుంది.

"నిజమే" అంది ఆఫెంగ్. ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే విరిగి కోపమైంది. "మీకు ముక్కు లేకపోతే లేదు. నోరుందిగా? నాలుకుందిగా? ఆ నాలుకకి ఏం తెలిసిందో అదైనా ఎందుకు రాయలేదు?"

"భయమేసింది. అందరికీ భిన్నంగా రాస్తే పట్టుకుంటారని."

"ఏం తెలిసింది చెప్పండి. ఇప్పుడు చెప్పండి."

మింగ్‌చూ తలవంచుకుని, నిదానంగా, సాక్ష్యం చెబుతున్నట్టు చెప్పింది: "నాలుక మీద బరువుగా నిలిచింది, నూనెలా. చేదు వచ్చి ఆగకుండా వెళ్ళిపోయింది. మింగాక ఏమీ లేదనుకున్నాను. వందదాకా లెక్కపెట్టేంతసేపయ్యాక గొంతులోంచి తీపి పైకొచ్చింది. పద్దెనిమిదో నెంబరు తాగినా అది పోలేదు, పంతొమ్మిది తాగినా పోలేదు. మధ్యాహ్నం భోజనం చేసేదాకా అక్కడే ఉంది. ముప్ఫై ఏడేళ్ళలో ముక్కు ఉన్నన్నాళ్ళూ నేను గొంతుదాకా వెళ్ళనే లేదు ఆఫెంగ్. మూత దగ్గరే తీర్పు చెప్పేసేదాన్ని."

ఆఫెంగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగు లాంటిది ఏమీ లేక మసిగుడ్డతోనే తుడుచుకుంది.

"నాకు చెప్తే ఏం లాభం?" అంది. "నా టీ ఎలా ఉందో నాకు తెలుసు. ఆ నలుగురి ముందు చెప్పండి."

చెప్పడానికి మింగ్‌చూకి తొమ్మిదిరోజులు పట్టింది. ముందు చెంగ్ పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆయన మంచివాడే, అందుకే తలుపులు వేసి మెల్లగా నచ్చజెప్పాడు: "అమ్మా, ఇప్పుడు బయటపెడితే ఏమవుతుంది? ఈ ఏడు గెలిచినవాళ్ళు మొత్తుకుంటారు, ఓడినవాళ్ళు మొత్తుకుంటారు. నువ్వు ఇన్నేళ్ళు ఇచ్చిన తీర్పులన్నిటినీ అనుమానిస్తారు. ఒంట్లో బాగాలేదని తప్పుకో. గౌరవంగా సన్మానం చేసి పంపిస్తాం."

"ఆ సన్మానం చేయించుకుని మా ఆయన బస్సు ఎలా ఎక్కను పెద్దాయనా? ఆఫెంగ్ పంపరపనస మొక్కలు ఆ బస్సులోనే వెళతాయి" అంది మింగ్‌చూ.

సంఘం సమావేశంలో రెండువందలమంది రైతుల ముందు లేచి నిలబడింది. నన్ను బల్ల మీద పెట్టి, మూత పక్కన బోర్లించింది. ఎక్కువ మాట్లాడలేదు. ఏ రోజున వాసన పోయిందో, ఏ మార్కులు ఎలా వేసిందో, పదిహేడో నెంబరు నిజంగా ఎలా ఉందో చెప్పి కూర్చుంది. చెంగ్ చెప్పినట్టే జరిగింది. కేకలు, వేళ్ళు చూపించడాలు. వెనక వరసలోంచి ఒకాయన "గావ్ మాస్టారి పరువు తీశావు" అన్నాడు. ఆ మాటకి మాత్రం ఆమె మొహం తెల్లబోయింది. ఆమె పేరు న్యాయనిర్ణేతల జాబితాలోంచి కొట్టేశారు. ఫలితాలు మార్చలేదు. పదిహేడో నెంబరు ఆఖరునే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ కాగితాల్లో అలాగే ఉంది.

అయితే ఆ వారంలోనే పైలోయకి వెళ్ళే బస్సులో చెంగ్ పెద్దాయన ఎక్కాడని దషెంగ్ వచ్చి చెప్పాడు. టోపీ మొహం మీదకి లాక్కుని, ఎవరూ గుర్తుపట్టలేదనుకుని కూర్చున్నాడట. ఆఫెంగ్ ఇంట్లో రెండుగంటలు టీ తాగి, తిరుగుబస్సులో గొంతు తడుముకుంటూ వచ్చాడట. ఆయన తర్వాత మరొకరు. తర్వాత ఇంకొకరు.

ఆఫెంగ్ అప్పటికే సగం వాలు తవ్వించేసింది. కాబట్టి ఇప్పుడక్కడ సగం కొండ పంపరపనసలది, సగం టీ చెట్లది. పంపరపనసలు బాగానే కాస్తున్నాయి, అబద్ధమెందుకు.

మింగ్‌చూ అంతకుముందు ఊరూరూ తిరిగే మనిషి. ఇప్పుడు వసంతంలోనూ శరత్తులోనూ ఒక్క లోయకే వెళుతుంది. ఆఫెంగ్ ఆకు కాల్చుతుంది, ఇద్దరూ పరీక్షిస్తారు. ఆఫెంగ్ ముక్కు, మింగ్‌చూ గొంతు. పోట్లాడుకుంటారు. ఆఫెంగ్ "ఇంకో అరగంట సెగ కావాలి" అంటుంది, మింగ్‌చూ "ఇప్పుడే దించు, చేదు బిగుసుకుంటోంది" అంటుంది. "టీచరుగారూ" అనడం ఎప్పుడో మానేసి "అక్కా" అంటోంది. ఒకసారి ఇలాంటి వాదులాటలోనే నా అంచు పెచ్చు లేచింది. అంచు పెచ్చులేచిన కప్పు పోటీ బల్లకి పనికిరాదు. నాకు విచారం లేదు. ముప్ఫై ఏడేళ్ళకి పైగా నన్ను కొలతగా వాడారు, ఇప్పుడు కప్పుగా వాడుతున్నారు. నాతో టీ తాగుతున్నారు కూడా. పెదవి తగలడం ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు.

మొన్న వసంతపు మొదటి ఆకు తయారైంది. పొద్దున్నే వాన వెలిసింది. ఇద్దరూ వాకిట్లో బల్ల వేసుకుని కూర్చున్నారు. నీళ్ళు పోసి మూత పెట్టి, రెండు నిమిషాలు ఆగారు. మింగ్‌చూ మూత ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. అదొక్కటి మానలేదు. కాసేపు అలా ఉంచుకుని ఆఫెంగ్‌కి అందించింది.

ఆఫెంగ్ వాసన చూసింది. "ఏముందక్కా, మామూలే. ఉత్త ఆకు వాసన" అంది.

"ఆ ఉత్త ఆకు ఎలా ఉందో చెప్పు."

పోటీల్లో వాడే పెద్దపెద్ద మాటలు ఆఫెంగ్‌కి రావు. మళ్ళీ మూత ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"ముందు... వాన తగ్గాక మా దొడ్డిగోడ రాళ్ళ దగ్గర ఉంటుంది చూడు, అలా. తర్వాత కొత్త దుప్పటి మడత విప్పినట్టు. ఆగు, ఇంకోటుంది. చిన్నపిల్ల మెడ వెనక... పాలు తాగి నిద్రపోయిన పిల్ల."

"ఇంకా?" అంది మింగ్‌చూ.

మూత చల్లారిపోతోంది. ఆఫెంగ్ దాన్ని తన ముక్కుకి మరింత దగ్గరగా తీసుకుని, నిదానంగా మళ్ళీ మొదలుపెట్టింది.